రేవు అవతలి జవాబు

మా చిన్నప్పుడు... హిందీ మాట్లాడే ఊళ్లో ఉక్కు ప్లాంటు కాలనీ, సెక్టర్ 4 లో మా క్వార్టర్ ముందు గది సాయంత్రమైతే నది అయిపోయేది. నులకమంచం తిరగేస్తే పడవ. బూజు కర్ర గెడ. వీధి గుమ్మం ఒక ఒడ్డు, వంటింటి గడప ఇంకో ఒడ్డు... మధ్యలో కాలు పెడితే మునిగిపోతామని పిల్లలమంతా గోడవారగా నడిచేవాళ్లం.

అది 'రేవు' అనే నాటకానికి రిహార్సల్. మాటలు తక్కువ, అంతా పాటలే. రాసింది ప్లాంటులో క్రేన్ నడిపే మామ. ఆయన్ని అందరూ క్రేన్ మామ అనేవారు. అవతలి ఒడ్డుకు వెళ్లిన కూతుర్ని తల్లి రేవులో నిలబడి పిలుస్తుంది... కూతురు అవతల నుంచి జవాబు పాడుతుంది. కథంటే అంతే.

ముసలి వేషమని ఏ ఆడమనిషీ ఒప్పుకోకపోతే తల్లి వేషం మా నాన్న వేశాడు. అమ్మ నేత చీర కట్టుకుని చెంగు నడుముకి దోపి నిలబడేవాడు.

"ఏటండీ, ఆ సీర నాకు మల్లీ ఇత్తారా, ఆ తల్లికే ఇచ్చీసారా?" అనేది అమ్మ.

"ముందు నా కూతుర్ని ఒడ్డుకి రానీ... తర్వాత సీర సంగతి సూద్దాం" అనేవాడు నాన్న.

కూతురి వేషం పక్కనున్న రిసాలి బస్తీ నుంచి వచ్చే అక్కది. అందరూ ఒకేసారి రిహార్సల్‌కి దొరికిన రోజే లేదు. ఒకరిది మార్నింగ్ షిఫ్ట్, ఒకరిది సెకండ్, ఒకరిది నైట్. ఎవరు రాకపోతే వాళ్ల పాట మేం పిల్లలం పాడాలి. అక్క రాని రోజు కూతుర్ని నేనే. అలా నాటకం మొత్తం నోటికొచ్చేసింది...

"పొయ్యి మీద ఎసరు మరిగె, వస్తావా కూతురా" అని నాన్న పిలిస్తే... "పడవ నిండా జనమే అమ్మా, మరో తడవ వస్తాను" అని నేను.

"దీపమెట్టే వేళ దాటె, వస్తావా కూతురా" అంటే... "తాడు తెగిన పడవే అమ్మా, ముడి వేసి వస్తాను."

ఆఖరి పిలుపు మాత్రం వేరు. "పిలిచి పిలిచి గొంతు పోయె, ఉన్నావా కూతురా." దీనికి జవాబు మామ అక్కకొక్కదానికే నేర్పాడు, మాకు చెప్పేవాడు కాదు.

"అది స్టేజీ మీదే ఇనాల. ముందే సెప్పీస్తే టికెట్టెవుడు కొంతాడు?"

ఆ నాటకానికి అసలు టికెట్టే లేదు...

ఒక ఆదివారం పొద్దున తెలుగువాళ్ల సభలో ఆడారు. మధ్యాహ్నం డ్యూటీ వేళకి అయిపోతుందనుకున్నారు. కానీ ముందు మాట్లాడిన పెద్దలు ఎవరూ మైకు వదల్లేదు. నాన్న ఆఖరి పిలుపు అందుకునే వేళకి సెకండ్ షిఫ్ట్ వాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని లేచారు. సైకిల్ స్టాండ్లు తీసిన చప్పుడు, బెల్లులు, "జరా హటో భయ్యా" అని దారి అడిగే కేకలు... పడవవాడి వేషం వేసిన క్రేన్ మామ కూడా మొహం మీద రంగుతోనే డ్యూటీకి సైకిలెక్కేశాడు.

నేను ముందు వరసలో ఉన్నాను. అక్క పెదాలు కదలడం చూశాను. ఒక్క మాటా వినపడలేదు.

మళ్లీ ఆ నాటకం ఎవరూ ఆడలేదు. జవాబేంటని అడిగితే "మల్లీ ఆడినప్పుడు ఇందువులే" అనేవాడు మామ. నాకు మాత్రం ఆ పాటలంటే ప్రాణం. మామ రిటైరై ఊరికి వెళ్లి అక్కడే పోయాడు. నాన్నా పోయాడు.

నాకు కూతురు పుట్టాక ఆ నది మళ్లీ మా ఇంట్లోకి వచ్చింది. నేను వంటింట్లోంచి పిలిస్తే మా చిట్టి ముందు గదిలోంచి జవాబు పాడేది. దానికి తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు... అయినా ఈ పాటలన్నీ తెలుగులోనే పాడేది. ఆఖరి పిలుపు దగ్గర మాత్రం రోజుకో సొంత ముక్క.

"ఉన్నా మమ్మీ, హోంవర్కుంది, థోడా రుకో..."

"ఉన్నా మమ్మీ, కుక్కర్ సీటీ కొట్టింది, నాకోసం తర్వాత ఏడుద్దువు..."

అదే రాగంలో, ఒక్క తాళం తప్పకుండా.

పెద్దదయ్యాక జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం అడిగింది... "మమ్మీ, మామ రాసిన అసలు జవాబేంటో కనుక్కోవా?"

"కనుక్కుంటానే" అన్నాను.

కనుక్కునేలోపే వెళ్లిపోయింది. పోయిన ఏడాది...

మాటిచ్చాను కదా. వాళ్లనీ వీళ్లనీ అడిగి వెతికితే, రిసాలి అక్క ఇప్పుడు వైశాలి నగర్‌లో కొడుకు దగ్గర ఉందని తెలిసింది. వెళ్లాను. జుట్టంతా నెరిసిపోయింది. చిట్టి సంగతి చెప్పి అడిగాను... "ఆఖరి పిలుపుకి ఏం పాడావక్కా ఆ రోజు?"

అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏటి పాడతానే... జనమంతా లెగిసి ఎల్లిపోతన్నారు. మా ఆయన కూడా సైకిలు తీసీసాడు. ఎవుల కోసం పాడాల? పెదాలు కదిపీసి ఊరుకున్నాను. ఆ ముక్క ఏటో ఇప్పుడు గురుతు కూడా లేదు." మళ్లీ తనే, "మీ పిల్ల ఏటి పాడీదే?" అంది.

కుక్కర్ పాట పాడాను. అక్క పకపకా నవ్వింది... నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"మావ ఇనుంటే దాన్నే ఉంచీసును" అంది.

బస్సులో కూర్చున్నాక అర్థమైంది నాకు. ఆ పిలుపుకి ఎవరూ ఎప్పుడూ జవాబు పాడలేదు. ఎక్కడా... పాడింది మా చిట్టి ఒక్కతే. అసలు జవాబు అన్నేళ్లూ మా ముందు గదిలోనే ఉంది. ఆ మాట దానికి చెప్పాలని ఎంత ఉందో...

ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే. ఒక గదిలోంచి పిలిస్తే ఇంకో గదిలోంచి పాటతో పలికే ఇళ్లు తగ్గిపోయాయి. మీ ఇంట్లో పలికే మనిషి ఉంటే ఒక్కసారి పాడుతూ పిలిచి చూడండి... ఏమని పలికారో కింద రాయండి. తప్పు పాటైనా పరవాలేదు.

వంటింట్లో కూర్చుని అన్నీ చదువుకుంటాను.