చెంగల్రాయుడు మందు కొట్టిన పొద్దు

మొన్నామధ్య పక్కతోట చెంగల్రాయుడితో కొట్లాడదామని పోయి, వెనకాల నాడాలు కట్టే ఆస్పత్రి గౌను తొడుక్కుని ఇంటికొచ్చినాను. నవ్వండి, పర్లేదు. కానీ మొత్తం విని నవ్వండి.

నా సంగతి కొంచెం చెప్పాలి. రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం పోయినాక పదహారు తేనెపెట్టెలు కొనుక్కుని, దామలచెరువు దగ్గర ఒకాయన మామిడితోటలో మూల జాగా అడిగి పెట్టుకున్నాను. ఆడే ఒక రేకుల షెడ్డు. దాంట్లో నేను. పెండ్లి చేసుకోలేదు. అమ్మ పోయి రెండేండ్లయింది. పొద్దున లేస్తే మాట్లాడేదానికి తేనెటీగలే ఉండాయి. వాటికేమో చేతినిండా పని, మనకు జవాబు చెప్పే తీరిక ఉండదు.

పక్కతోట చెంగల్రాయుడిది. కంచెకు ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ రాస్తే ఒక పేజీ నిండదు. దాంట్లో ఒకటి మాత్రం గట్టిగా చెప్పినాను.

"అన్నా, పూత మీద మందు కొట్టాలంటే ముందురోజు ఒక మాట చెప్పు. ఈగలు తిరిగొచ్చినాక పెట్టెలు మూసి పెట్టుకుంటాను."

"అట్నేలే అబ్బా," అన్నాడు.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి, ఈగలు కుట్టకుండా ఒళ్లంతా కప్పే తెల్ల సూటు వేసుకుని, నెట్టు టోపీ పెట్టుకుని పెట్టెలు చూసేదానికి పోయినాను. పెట్టెల ముందర నేలంతా నల్లగా ఉండాది. దగ్గరికి పోయి చూస్తే ఈగలు. వెల్లకిలా పడి గిరగిరా తిరగతా ఉండాయి, నాలికలు బయటికొచ్చేసి. లేవబోతాయి, మళ్లీ పడతాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. కాళ్లకు పుప్పొడి ముద్దలు పచ్చగా అట్నే ఉండాయి. పనికి పోయి, పని చేసుకుని, ఇంటి వాకిలిదాకా వచ్చి పడిపోయినాది.

కంచె ఆవల స్ప్రేయర్ మోటారు శబ్దం. గాలి ఈ పక్కకు తిరిగితే ముక్కు మండే వాసన.

నాకు కోపం వచ్చేది తక్కువ. వచ్చినా చూసేవాళ్లుండరు కాబట్టి దానంతట అదే పోతుంది. ఆ రోజు పోలేదు. కంచె దాటతా దాటతా ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను. ఆయన ఎదురుగ్గా పోయి నిలబడి నోరు తెరిస్తే గొంతు రాలేదు. నాలుగు రోజులుగా ఒక మనిషితో మాట్లాడింది లేదు కదా, ఏదో కీచుమనింది, అంతే.

చెంగల్రాయుడు మోటారు ఆపినాడు. లుంగీ, బనీను, మూతికి తువ్వాలు. ఆ చలిలో మనిషికి చెమటలు కారిపోతా ఉండాయి. నోట్లోంచి చొంగ.

"సార్, మందు బిల్లు ఇంట్లో ఉండాది సార్," అన్నాడు. నా సూటు చూసి అగ్రికల్చర్ ఆఫీసరనుకున్నాడు.

"నేనన్నా, తేనెపెట్టెలాయన్ని."

"అంతా మసగ్గా ఉండాది సార్," అని రెండడుగులు ముందుకొచ్చి, నా భుజాలు పట్టుకుని, నా మీదనే కక్కుకున్నాడు.

పేర్చుకున్న తిట్లు ఒక్కటీ ఖర్చు కాలేదు.

డ్రమ్ము కాడ మందు కలపతా ఉన్న ఆయన పెండ్లాం మునెమ్మ పరిగెత్తుకొచ్చినాది. "తల తిప్పతా ఉండాదని ఇందాకే అన్నాడన్నా. ఇంకో రెండు చెట్లే కదా అని మళ్లీ పోయినాడు." పూతకు తేనెమంచు పురుగు పడినాదంట. అంగడాయన రెండు రకాల మందిచ్చి, కలిపి కొడితే బాగా పని చేస్తుందని చెప్పినాడంట. ఆ ఖాళీ డబ్బాలు రెండూ కవర్లో వేసి నా మోటారుబండికి తగిలించినాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

బండి మీద ముందర నేను, మధ్యలో ఆయన, ఆయన్ని పట్టుకుని వెనక మునెమ్మ. అట్నే చిత్తూరు ఆస్పత్రిదాకా పోయినాము. టోపీ తీయాలని నాకు తోచనే లేదు. దావలో బస్సు కిటికీలోంచి పిల్లలు నన్ను చూసి, రాకెట్లో పోయే మనిషనుకున్నారో ఏమో, టాటా చెప్పినారు. ఆ కంగారులో కూడా నేను తిరిగి చెయ్యి ఊపినాను. మనకు టాటా చెప్పేవాళ్లు రోజూ దొరకరు.

ఆస్పత్రిలో నర్సమ్మ నేరుగా నా దగ్గరికే వచ్చినాది. "ఇంత బందోబస్తుగా కట్టుకున్నావే, నీకెట్లా ఎక్కినాదప్పా మందు?" అని నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకునింది.

"నాకు కాదమ్మా, ఆయనకు."

"మందెక్కినోళ్లంతా అదే అంటారు," అని సూది అందుకుంటా ఉండాది. అంతలో చెంగల్రాయుడు గోడకానుకుని అట్నే కిందికి జారిపోయినాడు. అప్పుడు అందరూ ఆయన దిక్కు పరిగెత్తినారు.

డాక్టరమ్మ టార్చేసి కండ్లు చూసింది. కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయినాయంట. డబ్బాల మీద పేర్లు చదివి సూదులు మొదలుపెట్టింది. మా దిక్కు తిరిగి, "తాగితేనే ఎక్కుతుందనుకుంటారు మీరు. చర్మంలోంచి పోతుంది, గాలితో పోతుంది. బట్టల మీద ఉన్నంతసేపూ లోపలికి పోతానే ఉంటుంది. ఆయన్ని ముట్టుకున్నవాళ్లు బట్టలు తీసేసి సోపుతో బాగా కడుక్కోండి," అనింది. అని నా సూటు చూసింది.

సూటు, ప్యాంటు, చొక్కా అన్నీ ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టేసినారు. నాకు పచ్చగౌను ఇచ్చినారు. మునెమ్మకు ఎవరిదో నైటీ. నాకూ తలనొప్పి, చేతుల్లో వణుకు ఉండేసరికి సాయంత్రందాకా ఆడే పడుకోమన్నారు.

నర్సమ్మ ఫారం తెచ్చుకునింది. "మీ తరఫున ఎవరున్నారు సార్?"

"ఎవరూ లేరమ్మా."

"ఎవరో ఒకరుంటారు కదా. నంబరు చెప్పండి."

ఆలోచించినాను. నాకు చూడకుండా వచ్చేది ఒకే నంబరు. అదే చెప్పినాను. ఆయమ్మ తన ఫోన్లో కొట్టింది. తలుపు పక్కన పెట్టిన నా బట్టల కవరు మోగడం మొదలుపెట్టింది.

"రింగవతా ఉండాది గాని ఎవరూ ఎత్తడం లేదు సార్," అనింది, ఫోను చెవికి పెట్టుకుని.

"పనిలో ఉంటారమ్మా," అన్నాను.

ఇంకోసారి కొట్టింది. కవరు ఇంకోసారి మోగింది. వార్డులో ఉన్నోళ్లంతా కవరు దిక్కు, తర్వాత నా దిక్కు చూసినారు. గోడ దిక్కు తిరిగి పడుకుందామంటే గౌను వెనకాల తెరుచుకుంటుంది. అందుకని పైన ఫ్యాను చూస్తా పడుకున్నాను.

మొగుడి మంచం కాడ కూర్చున్న మునెమ్మ అప్పుడు చెప్పింది. "నా పేరు రాసుకోమ్మా. ఆయన మా అన్న."

"మరి మీ ఆయనకు?"

"ఇద్దరికీ నేనే."

సాయంత్రం నన్ను పంపించేసినారు. చెంగల్రాయుడు నాలుగు రోజులున్నాడు. నేను తిరిగొచ్చి ఒక్కో పెట్టెకు చెవి పెట్టి విన్నాను. పదహారింట్లో ఆరింట్లోనే చప్పుడుండాది. తక్కినవాటిని తిరగేసి ఊడ్చినాను. ఆయన స్ప్రేయరు కడిగే కాలవలో కప్పలు కడుపులు పైకి పెట్టుకుని తేలినాయి. ఆయన తోటలో పూత విరగబూసి ఉండాది గాని, దాని మీద వాలేదానికి ఒక్క ఈగ లేదు. ఇంక పిందె ఎవరు పట్టిస్తారో ఆయనకు తెలియాలి.

ఇది కూడా చెప్పాల, ఆయన ఆస్పత్రినుంచి వచ్చినాక తిట్టాలనే ఉన్నాను.

పది రోజులకు వచ్చినాడు. మనిషి సగమైనాడు. పక్కన మునెమ్మ. షెడ్డు ముందర రాయి మీద కూర్చుని కాసేపు పెట్టెలు చూసినాడు. "ముందురోజు మాట చెప్పలేదు నేను. మర్చిపోయినాను," అన్నాడు. సంచిలోంచి పేపరు చుట్టిన సీసా తీసి నా చేతిలో పెట్టినాడు. "ప్రాణం నిలబెట్టినావు. ఊరికే చేతులూపుకుంటా ఎట్లా వచ్చేది?"

పేపరు విప్పితే తేనె. చిత్తూరు అంగట్లో కొన్నది.

"ఒరిజినల్ అన్నాడు అంగడాయన. నీకైతే తెలుస్తుంది కదా, చూసి చెప్పు."

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. శుద్ధమైన బెల్లంపాకం. ఇద్దరూ నా మొకమే చూస్తా ఉండారు.

"బాగుండాది," అన్నాను.

చెంగల్రాయుడి మొకం వెలిగిపోయింది. "అయితే వచ్చే వారం ఇంకో సీసా తెస్తాలే."

తెమ్మన్నాను. మనిషి ఇంకోసారి వస్తాడు కదా.