కాశీచెంబులో కోడుమూరు బావినీరు

నిరుటి వానాకాలంలో కోడుమూరు దగ్గర రహదారిపై పెట్రోలు ట్యాంకరు తగలబడినప్పుడు, మంటలార్పిన నురుగంతా పల్లానికి జారి మా పొరుగు రైతు యేసురత్నం బావి చుట్టూ నిలిచింది. అటువంటి నురుగుల్లో కొన్నింట ఏళ్లు గడిచినా విరగని, కాచినా పోని ఫ్లోరిన్ రసాయనాలుంటాయని మా మేనకోడలు శారద చెప్పిన నాటినుంచి నాకు కునుకు లేదు. యేసురత్నం కోడలికి ఏడో నెల. "పంతులప్పా, దానికి ఈ నీళ్లు ఇయ్యొచ్చునా, కూడదా? ఒక్క మాట కనుక్కో" అన్నాడతడు. ఆ ఒక్క మాటకోసమే ఈ ప్రయాణం.

శారద కడపలో ఒక కళాశాలలో రసాయనశాస్త్ర పరిశోధకురాలు. నీరు పట్టి తెమ్మని ప్లాస్టిక్ సీసా పంపింది. నాకది రుచించలేదు. పూర్వం కాశీనుంచి గంగ వచ్చిన రాగిచెంబును చింతపండుతో తోమి, బావినీరు నింపి, చుక్క తొణకరాదని మూతచుట్టూ కొళాయి బిగింపులకు వాడే తెల్లటేపు చుట్టి, ఆరింటి బస్సెక్కాను. కర్నూలులో కడప ఎక్స్‌ప్రెస్ దొరికింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటల పైచిలుకు దారి. ఛార్జీ సుమారు మూడు వందలు.

"కాశీకి పోయొస్తాండావా స్వామీ? మాకూ రోంత తీర్థం పోయరాదూ!" అన్నాడు కండక్టరు.

"తాగేది కాదప్పా. బావినీరు, పరీక్షకు."

"తాగని నీళ్లకు ఇంత మడి యాల స్వామీ!"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేక చెంబును ఒడిలో అదుముకొన్నాను. ఆళ్లగడ్డలో టీకి ఆపినా దిగలేదు.

మధ్యాహ్నం కడపలో దిగి ఆటోలో ప్రయోగశాలకు చేరాను. నీటిలోంచి ఆ రసాయనాన్ని పట్టి తీసేందుకు తాము తయారుచేస్తున్న, పంజరంవంటి ఒక అణువును శారద కంప్యూటరు తెరపై చూపింది. "ఈ మలినానికి పొడుగాటి ఫ్లోరిన్ తోక, ఋణావేశమున్న తల ఉంటాయి మామా. తోక పట్టేంత గుల్ల ఈ పంజరం లోపల, తలను పట్టుకునే ధనావేశం వాకిట్లో. అట్లా కడతాండాం."

పద్యంలో ఒక గణం నిలిచే తావున మరొకటి నిలవదు. ఇదీ అట్టిదే అనిపించింది. "మరి నీటిలోని ఉప్పులే ముందు వచ్చి ఆ వాకిట కూర్చుంటేనో?" అన్నాను.

"నా భయమూ అదే. మన సీమ నీళ్లలో ఉప్పులు శానా. అందుకే ఆ బావినీళ్లే తెమ్మన్నా. సీసా యాడ?"

సంచిలోంచి చెంబు తీశాను. ఆమె ముఖం పాలిపోయింది.

"అయ్యో మామా! ఆ తెల్లటేపే ఫ్లోరిన్ సరుకు. ఇప్పుడు మలినం కనబడినా, బావిదో టేపుదో ఎట్లా తేల్చేది?"

"యేసురత్నానికి ఏమని చెప్పను?"

"తెలీదని చెప్పు. తెలిసేదాకా ఆ నీళ్లు ఎవరూ తాగొద్దను."

ఫోనులో అంతా చెప్పాను. "సరేలే పంతులప్పా, ఎగువన చర్చి బోరునుంచి బిందెలు మోస్తాం. నువ్వు బిరీన రా" అన్నాడు. తిట్టి ఉంటే కొంత ఊరట కలిగేది.

తిరుగు బస్సులో చెంబు ఖాళీగా ఉన్నా, ఒడి బరువు తగ్గలేదు. జలశుద్ధిని గురించి జీవితమంతా చదివిన వాణ్ణి. ఆ చదువుకు అందని మలినం ఒకటి పుట్టిందని ఒప్పుకొనక, దానికీ నా మడినే కట్టబోయాను. రేపు శారద పంపిన సీసాతో మళ్లీ అదే దారి. నీటిని పరీక్షకు తీసుకెళ్లేవారు ప్రయోగశాల ఇచ్చిన సీసాలోనే, వారు చెప్పినట్లే పట్టండి. మూతకు ఏ టేపూ చుట్టకండి. ఏడో నెల మన రెండో ప్రయాణం కోసం ఆగదు.