సున్నపురాయి గుట్ట మీద కంపెనీ సారు

నడుముకు తాడు కట్టుకుని, నడి ఎండలో గుట్టకు వేలాడుతూ, కింద నిలబడ్డ ఊరివాళ్ళతో సిమెంటు ఫ్యాక్టరీ గురించి చర్చలు జరిపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనత నాదే. జరిగిందంతా చెబుతాను. మధ్యలో నా మీద జాలి కలిగితే మొహమాటపడకండి, ధారాళంగా పడండి.

అప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవురోజుల్లో ఒక జిమ్ములో గోడలెక్కేవాణ్ణి. గోడకు ప్లాస్టిక్ రాళ్ళు, కింద మెత్తటి పరుపులు, పైన ఏసీ. కొన్నాళ్ళకే అద్దంలో నాకు నేను బొద్దు బల్లిలా కనిపించసాగాను. ఇక అసలు రాయి ఎక్కాల్సిందే అనుకుని విదేశీయుల వీడియోలన్నీ చూశాను. అందరిదీ ఒకటే మాట. సున్నపురాయి కొండ కావాలి, దాని మీద రోజంతా ఎండ పడాలి. ఇచ్చోడ దగ్గర అలాంటి గుట్ట ఒకటుందని, తాము పైదాకా మేకులు కొట్టి కొసన ఇనుప రింగు కూడా బిగించి వచ్చామని జిమ్ములో ఒకాయన చెప్పాడు. ఇంకేం, శివరాత్రి ముందు ప్రయాణం పెట్టుకున్నాను.

కింద తాడు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కరీంనగర్‌లో మా పక్కింటి సాజిద్ నా చిన్ననాటి దోస్తు, బక్కపలచటివాడు. వాళ్ళ గాజుల దుకాణంలో కూర్చుంటాడు. వాడికి నా పథకమంతా వివరించాను.

"ఎండ పడే గోడ ఎందుకురా?" అన్నాడు.

"పెద్ద పెద్దోళ్ళంత గట్లనే చెప్తున్నరు. నీకు తెల్వది."

"వాళ్ళ దేశంల ఎండ దొరకది, గందుకే ఎతుక్కుంటరు. మనకేం తక్కువైందిరా? మా దుకాణం ముంగట నిలవడు, దినమంత ఫిరీగ దొరుకుతది. సరే, తాడన్న సరిపోతదా?"

"గోడకంటె సగం ఎక్కువనే తెచ్చిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఎంత ధీమాగా అన్నానో! ఆ ధీమాకు ఇప్పుడు నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

ఇంట్లో గుట్ట ఎక్కడానికి పోతున్నానంటే అవ్వ కొండగట్టు గుడికే అనుకుని, సంచిలో కొబ్బరికాయ పెట్టి దండం పెట్టుకుంది. నేనూ కాదనలేదు.

పద్ధతి సులువే. ఎక్కేవాడి నడుముకు తాడు ఒక కొస కడతారు. కిందివాడు తన నడుము పట్టీలోంచి తాడు వదులుతుంటాడు. పైకి వెళ్ళి రింగులో తాడు వేసి "వదులు" అంటే, కిందివాడు మెల్లగా వదులుతాడు, పైవాడు లిఫ్టులో దిగినట్టు దిగుతాడు. రెండో కొసను సాజిద్ తన నడుముకే ముడేసుకున్నాడు. "ఎందుకైన మంచిదిరా" అన్నాడు. ఇవాళ నేను మీకు ఈ కథ చెప్పగలుగుతున్నానంటే ఆ ముడి చలవే.

ఎక్కడం మాత్రం, అబద్ధమెందుకు, బాగానే ఎక్కాను. మా వీధిలోని నాలుగంతస్తుల బిల్డింగంత గోడ. కొసకు చేరి రింగులో తాడు వేసి, ఫొటో కోసం ఛాతీ కూడా ఉబ్బించాను. తర్వాత దర్జాగా దిగడం మొదలుపెట్టాను. సగం దిగాక లిఫ్టు ఆగిపోయింది.

"వదులురా!"

"అయిపోయింది!"

"ఏం అయిపోయింది?"

"తాడు!"

సంగతేమిటంటే, తాడు కిందివాడి దగ్గర్నుంచి రింగు దాకా వెళ్ళాలి, మళ్ళీ రింగు నుంచి నాతోపాటు దిగాలి. అంటే గోడకు రెండింతలుండాలి. నేను ఒకటిన్నర రెట్లే తెచ్చాను. నేను ఇంజనీరింగ్ చదివానన్న విషయం మీకు ఇంతవరకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు. ఇలాంటప్పుడు బయటపడే ఉపాయం ఒకటుందని తర్వాత తెలిసింది. కానీ అక్కడ గోడ లోపలికి వంగి ఉంది. నా చెయ్యి రాయికే అందదు, ఉపాయానికేం అందుతుంది? కింద సాజిద్, నా బరువుకు తాను పైకి లేచిపోతానేమోనని ఒక బండరాయిని కౌగిలించుకుని కూర్చున్నాడు.

మా అరుపులకు పక్క చేలల్లో పత్తి ఏరుతున్నవాళ్ళంతా వచ్చారు. ముందు నిలబడ్డ ముసలామె పేరు భూమవ్వ. గుట్ట కింది చేను ఆమెదే. ఆ సున్నపురాయి కోసం సిమెంటు కంపెనీ వస్తుందని ఊళ్ళో అప్పటికే పుకారు ఉందట.

"ఎవలు కొడుకా మీరు? సిమెంటు కంపెనోళ్ళా?"

"కాదవ్వా! ఊకెనే ఎక్కుతున్నం!"

"ఊకెనే ఎవలన్న ఏలాడుతరా? మరి గా నడుముకు సంచిల తెల్ల పొడి ఏంది?"

"చేతులు జారకుంట రాసుకునేదవ్వా!"

"సున్నం తీసి సంచిల పోసుకున్నడే!" అందామె వెనక్కి తిరిగి. ఇంతలో ఎవరో కింద ఉన్న నా సంచి తెరిచి కొబ్బరికాయ పైకెత్తారు. "భూమిపూజకే వచ్చిండ్రు!"

గుంపులో గోల లేచింది. ట్రాక్టరు నడిపే పోశెట్టి ముందుకొచ్చి, "సారూ, ఫ్యాక్టరీల నాకు డ్రైవర్ నౌకరి దొరుకుతదా?" అని అడిగాడు.

"నోరు ముయ్యిరా!" అని కసిరి, భూమవ్వ నా వైపు చూసింది. "కొడుకా, నాకున్నది గీ చెలక ఒక్కటే. మీరు గుట్ట పేలగొడితె నేనేడికి పోవాలె?"

గాలిలో వేలాడుతున్నా నా గుండె చివుక్కుమంది. ఏదో ధైర్యం చెబుదామనుకుంటుండగా పోశెట్టి మళ్ళీ అడిగాడు. "అసలు రాయి ఎట్లున్నది సారూ?"

పట్టీలు బిగిసి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ముఖం పెనం మీది రొట్టెలా మాడుతోంది. ఉన్న కోపమంతా కక్కేశాను. "దరిద్రపు రాయి! దేనికీ పనికిరాదు! జన్మల మళ్ల దీని మొఖం చూడ!"

భూమవ్వ ముఖం వెలిగిపోయింది. "ఇన్నరా? సారే చెప్తుండు! అరే పోశెట్టీ, చూస్తవేందిరా, ట్రాక్టర్ తే! పాపం, పిల్లగాడు ఎండకు ఒర్రుతుండు!"

పోశెట్టి పత్తి నిండుగా ఉన్న ట్రాలీని నా కిందికి పెడుతుండగా సాజిద్ కెవ్వుమని బండరాయిని వదిలేశాడు. అంతే, గిలక బావిలో రెండు బొక్కెనల్లా నేను దిగుతుంటే వాడు లేచాడు. మధ్యలో ముఖాముఖి తగులుకుని, ఒకరినొకరం గట్టిగా పట్టుకున్నాం.

"నువ్వెందుకొచ్చినవురా?"

"చీమలు" అన్నాడు దీనంగా.

కాళ్ళ కిందికి పత్తి రాగానే ముడులు విప్పుకుని ఇద్దరం అందులో మునిగిపోయాం. తేలేసరికి గొర్రెపిల్లల్లా ఉన్నాం. భూమవ్వ మమ్మల్ని దులిపి, జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. మేం కంపెనీ కాదని తింటూ మళ్ళీ చెప్పాను. "గట్లనే చెప్పాలె కొడుకా" అని కన్నుగీటింది.

సాయంత్రం నిర్మల్ బస్సెక్కాం. పక్కసీటు పెద్దమనిషి మా వైపు వంగాడు.

"ఎరికేనా బిడ్డా? కంపెనోళ్ళు ఇద్దరొచ్చిండ్రట. ఊరోళ్ళు పట్టి గుట్టకు ఏలాడగట్టిండ్రట. గా బొద్దుగున్నోడు, 'మీ రాయి మాకొద్దు, కాళ్ళు మొక్కుత, ఇడువుండ్రి' అని ఏడిస్తె గప్పుడు ఇడిచిండ్రట!"

నేను కిటికీ వైపు తిరిగాను. సాజిద్ నా జుట్టులోంచి పత్తి ఏరుతూ గంభీరంగా అన్నాడు. "మంచిగ చేసిండ్రు కాకా. గా బొద్దోన్ని ఇంకో దినం ఉంచాల్సుండె."

ఆ బస్సులోనే మనసులో ఒట్టేసుకున్నాను. ఎత్తుకు రెండింతల తాడు చేతిలో లేనిదే, గుట్టల సంగతి దేవుడెరుగు, మా ఇంటి అటక కూడా ఎక్కను.