ముందే నూరిన మసాలా

మా ఇంట్లో చేపల పులుసుకు మసాలా చేప దొరికాక నూరరు. బాపు, అంటే మా నాన్న, గాలం పట్టుకుని గడప దాటకముందే నూరుతారు. బోధన్‌లో మా వాడకట్టున గాలం వేసే మగవాళ్లున్న ఇళ్లన్నింట్లోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. భర్త నదికి బయల్దేరుతుంటే భార్య నూరే బండ ముందు కూర్చోవాలి. ఆ చప్పుడు వింటూ ఆయన వెళ్లాలి. నూరిన ఇంటికే నది ఇస్తుందని, నూరని ఇంటికి చేప తేకూడదని మా పెద్దల మాట.

మా అవ్వ, అంటే మా అమ్మ, ధనియాలు, మెంతులు, పసుపు, ఎల్లిగడ్డలు, ఎండుకొబ్బరి ముందేసుకుని బండ మీద నూరుతుంది. మిక్సీ ఉంది కదా, దాని చప్పుడైతే ఇంకా దూరం వినబడుతుంది కదా అని ఒకసారి అన్నాను. అవ్వ చూసిన చూపుకు మళ్లీ ఆ ఊసెత్తలేదు. పక్కింటివాళ్లు మాత్రం ఈ మధ్య ఊరుకోవడం లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేప లేదు, చేప తోక లేదు, మసాలా మాత్రం ఘుమఘుమ అని నవ్వుతున్నారు. నోరున్నదాన్ని కాబట్టి నేను వాళ్లకు తగిన జవాబే చెప్పాను. కానీ లోపల వాళ్ల మాటే నిజమని నాకు తెలుసు.

నా చిన్నప్పుడు ఎవరూ ఇలా నవ్వే వీలు లేదు. బాపుది సైకిళ్లు బాగుచేసే షాపు. ఆరు రోజులూ పంక్చర్లు వేసేవాడు, చేతులు నల్లగా ఉండేవి, ఎవరైనా ఏమోయ్ అనే పిలిచేవారు. ఆదివారం సాలూర వంతెన దగ్గర మంజీర ఒడ్డు నుంచి తిరిగి వస్తుంటే సంచిలోంచి వాలుగ తోక బయటికి వేలాడేది. అప్పుడు వాడకట్టు మొత్తం అరుగుల మీదికి వచ్చేది. జెల్లలు, బొచ్చెలు, పరకలు, ఏ కాలానికి ఆ చేప. అవ్వతో పాటు బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ఇళ్లకూ గిన్నెలు వెళ్లేవి. నాకేమో ముళ్లంటే చిరాకు, పులుసు ఒక్కటే పోయించుకుని తినేదాన్ని. ఆ ఒక్కరోజు మా బాపు ఆ వాడకట్టులో పెద్దమనిషి. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

ఇప్పుడు నది అలా లేదు. వానాకాలంలో పైనుంచి నీళ్లు వదిలినప్పుడు నాలుగు రోజులు ఊగిపోతుంది. తర్వాత సన్నటి పాయ, మధ్యమధ్య మడుగులు. ఇసుక ఎత్తుకుపోయిన చోటల్లా గోతులు. చేప గుడ్లు పెట్టుకోవడానికి ఇసుక ఉండాలి కదా అంటాడు బాపు. ఒకప్పుడు వంతెన కింద వరసగా కూర్చునే గాలపోళ్లలో ఒకతను ఇప్పుడు ఆ ఇసుక ట్రాక్టరే నడుపుతున్నాడు. బాపు కనబడితే స్టీరింగ్ మీదనుంచి చెయ్యెత్తుతాడు. బాపు కూడా ఎత్తుతాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే మానేశారు. చివరికి ఒడ్డున మిగిలింది ఇద్దరు: మా బాపు, నదికి అవతల బిలోలి వైపునుంచి వచ్చే ఆయన ఈడు మనిషి. మరాఠీ తెలుగు కలిపి మాట్లాడే ఆయనను నేను కాకా అంటాను. ఆయనకు బాపు భావు, అంటే అన్న; అవ్వ వహినీ, అంటే వదిన.

నేను నిజామాబాద్‌లో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి బోధన్ వస్తాను, సోమవారం పొద్దున వెళ్లిపోతాను. అందుకని నా వంతుకు ప్రతి వారం వంకాయ పులుసే వచ్చేది. నూరిన మసాలా పారేయలేరు కదా. చేపల మసాలాలో ఉడికిన వంకాయ అటు వంకాయా కాదు, ఇటు చేపా కాదు. బాపు, ఇంక గాలం మానెయ్, బజార్ల సెరువు చేపలు దొరుకుతయి అని ఒకసారి విసుక్కున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నన్ను భయపెట్టింది. ముందైతే నదిని తిట్టేవాడు, ట్రాక్టర్లను తిట్టేవాడు, నన్ను కూడా తిట్టేవాడు. రానురాను మాట తగ్గిపోయింది. ఊరంతా చూస్తుందని మసక పడ్డాకే ఇల్లు చేరేవాడు. వచ్చి, ఒక్క పరక కూడా పడని సంచిని నల్లా కింద పెట్టి కడిగి ఆరేసేవాడు.

ఆ కడగడం అవ్వ చూడలేకపోయింది.

పోయిన మాఘమాసంలో ఒక శనివారం, అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ నాతో మెల్లగా చెప్పింది.

"రేపు నేను నూర."

"ఎందుకవ్వా?"

"గా సప్పుడు ఇనుకుంట పోతడు, ఒట్టి సేతులతోని వస్తడు. నా బండ తీస్కపోయి ఆయన మెడకు కట్టినట్టు అనిపిస్తుంది బిడ్డా. నేను నూరకుంటె, తేకున్నా ఏం కాదు అనుకుంటడు. పానం జర నిమ్మలమైతది."

మంచి ఆలోచనే అనిపించింది. అయితే రేపు నాకు వంకాయలు తప్పినట్టేనా అని నవ్వాను. అవ్వ కూడా నవ్వింది.

తెల్లారి బాపు గోధుమపిండిలో పల్లిపిండి కలిపి ఎర ముద్ద చేసుకున్నాడు. గాలం కట్టెను టీవీఎస్ బండికి కట్టాడు. బండి స్టార్ట్ చేశాడు, ఆపాడు. తాడు విప్పి మళ్లీ కట్టాడు. లోపల అవ్వ తల వంచుకుని బీడీలు చుడుతోంది. బాపు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, ఇంట్ల పసుపు గిట్ల అయిపోయిందా?"

పసుపు అయిపోవడం ఏమిటి? ఆర్మూర్ దగ్గర మా మేనమామ పసుపే పండిస్తాడు, మా ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంటుంది.

"ఉన్నది" అంది అవ్వ, తల ఎత్తకుండా.

బాపు ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత బండి చప్పుడు చెరుకు లారీలు పోయే రోడ్డు వైపు దూరమైంది. అవ్వ నా వైపు చూసింది. చూసినవా, ఎంత సుఖంగా పోయిండో అన్నట్టు ఉంది ఆ చూపు. నాకు మాత్రం అలా అనిపించలేదు.

సాయంత్రం బాపు ఒట్టి సంచితోనే వచ్చాడు. ఆ రోజు దాన్ని కడగలేదు. పప్పు పెడితే పప్పు తిన్నాడు. తర్వాత స్టూలు వేసుకుని గాలం కట్టెను అటక మీదికి ఎక్కించాడు. దానికి తలుపు వెనక ఎప్పుడూ రెండు మేకులు ఉంటాయి, అదే దాని చోటు. మా ఇంట్లో అటక మీదికి వెళ్లిందంటే ఇంక ఆ వస్తువుతో పని తీరిపోయినట్టే. పాత ఊయల, తాత కర్ర అక్కడే ఉన్నాయి. నది లేకపోతే మా బాపుకు మిగిలేది గ్రీజు, పానా, ఏమోయ్ అనే పిలుపు. ఆ మనిషితో మేము ఎలా బతకాలి, ఆయన ఎలా బతకాలి? గాలం మానెయ్ అన్నది నేనే కదా అనుకుంటూ పడుకున్నాను.

సోమవారం పొద్దున నేను బస్సుకు తయారవుతుంటే వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే కాకా, పక్కన ఆయన భార్య. ఆయన ఎప్పుడూ తీయని టోపీ చేతిలో ఉంది. ఆమె చేతిలో గుడ్డ కట్టిన డబ్బా. ఇద్దరూ గడప ఎక్కలేదు.

"వహినీ," అన్నాడు కాకా అవ్వతో, గొంతు తగ్గించి, "ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోవుడేంది?" అంది అవ్వ.

అప్పుడే బాపు చాయ్ గ్లాసు పట్టుకుని వెనకనుంచి వచ్చాడు. కాకా ఆయనను పైనుంచి కిందికి చూశాడు, నన్ను చూశాడు, ఇంట్లోకి తొంగిచూశాడు. మా ఇంట్లో తలకాయలన్నీ లెక్కకు సరిపోయేసరికి టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

"నిన్న భావు వాలుగ పట్టిండు వహినీ. ఎన్ని దినాలకు! మోచెయ్యి కన్న పెద్దది. నేనే ఒడ్డు మీదికి గుంజిన. గసుంటిది నా సంచిల ఏసి, మా ఇంటికి వద్దు, నువ్వు తీస్కపో అన్నడు. ఎందుకని అడగలే. ఇంట్ల సూతకం లేనోడు నది సేపను ఎట్ల వద్దంటడు? రాత్రంత మాకు నిద్ర లేదు."

సూతకం అంటే చావు మైల. ఆ రోజుల్లో ఇంట్లోకి చేప రాకూడదు. ఆ డబ్బాలో ఉన్నవి జొన్నరొట్టెలు, పప్పు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని తెచ్చారు.

అవ్వ బాపు వైపు తిరిగింది.

"వాలుగ పడ్డదా?"

బాపు గ్లాసులోకి చూస్తూ, "పడ్డది" అన్నాడు.

"మరి?"

"నువ్వు నూరలే గద."

అవ్వ ఒక అడుగు ఆయన దగ్గరికి వేసింది. "నీ మెడ మీద బరువు తీసేద్దామని నూరలేదయ్యా" అంది.

"నాతోని ఇగ ఏం కాదని నువ్వు తేల్సుకున్నవ్ అనుకున్న" అన్నాడు బాపు. నేను చేతిలో బ్యాగు కింద పెట్టేశాను. ఆ పూట బస్సు ఎక్కలేదు.

నాకు నోరు ఆగదు కదా, "కాకా, మరి ఆ వాలుగ ఏమైంది?" అని అడిగాను.

ఆయన నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూశాడు. "సూతకపు ఇంటి సేప మేమెట్ల తింటం బిడ్డా? భావు బండి మలుపు తిరగంగనే వంతెన కింది మడుగుల ఇడిసిన."

ముందు నవ్వింది అవ్వే. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కాకా భార్య నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అవ్వ ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టిందో నాకు తెలియలేదు. చావు ఇంటికి తెచ్చిన తిండి వెనక్కి తీసుకుపోకూడదంటారు. ఎవరూ చావకపోయినా ఆ రొట్టెలు అందరం వాకిట్లోనే కూర్చుని తిన్నాం. తినగానే అవ్వ స్టూలు తెచ్చి బాపు ముందు పెట్టింది. ఆయన ఎక్కి గాలం కట్టెను దించి మేకుల మీద పెట్టాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి బండ చప్పుడు మళ్లీ మొదలైంది. అవ్వ అవసరం ఉన్నదానికంటే గట్టిగా నూరింది. నేను ఆ వంకాయలే తిన్నాను, ఏమీ అనలేదు.

కథ అయితే ఇక్కడితో అయిపోవాలి. కానీ ఎండలు ముదిరాయి. పాయకూ మడుగుకూ మధ్య ఉన్న సన్నటి ధార తెగిపోయింది. వాలుగ ఇంక ఎటూ పోలేదు, ఆ మడుగులోనే ఉంది. అయితే ఈసారి పట్టడం సులువే కదా అనుకున్నాను. ఆ మాటే ఒకరోజు బోధన్ బస్టాండులో కలిసిన కాకాతో అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ బాపు మడుగుల గాలమే ఎయ్యడు బిడ్డా. నన్ను ఎయ్యనియ్యడు. ఎటు పోలేని సేపను ఏం పడతం అంటడు. పోయి పాయల ఏసుకుంట కూసుంటడు. పాయల మోకాలి లోతు నీళ్లు లేవు, దాంట్ల ఏముంటది? ఆ ట్రాక్టరోనికి ప్రతి ఆదివారం చాయ్ తాపిస్తడు, మడుగు పక్క ఇసుక ముట్టకు అని."

ఈ సంగతి అవ్వకు చెప్పలేదు. చెబితే మళ్లీ నూరడం మానేస్తుందేమోనని భయం. ఆమెకు మణికట్టు నొప్పి, చెయ్యి బీడీలకే చాలడం లేదు. ఎవరూ పట్టని చేపకోసం ఆమె నూరుతోందని తెలిస్తే ఏమంటుందో?

మొన్న ఆదివారం కూడా బాపు మసక పడ్డాకే వచ్చాడు. సంచి నల్లా కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా ఆయన రాగానే అవ్వ అడిగే మాట ఒకటే: ఏమన్న పడ్డదా? ఆ రోజు అలా అడగలేదు. పొయ్యి మీద పులుసు కలుపుతూ, వెనక్కి తిరగకుండా అడిగింది.

"మడుగుల నీళ్లు ఎంతున్నయి?"

బాపు తడి చేత్తో తొడ దగ్గర చూపించాడు. అవ్వ తిరిగి ఆ చెయ్యి ఎక్కడుందో చూసింది.

"పోయిన ఆదివారం నడుం దాంక చూపెట్టినవ్" అంది. పోయిన ఆదివారం కుట్టుపని ఉండి నేను ఊరికి రాలేదు.

"ఆఁ."

"వానలకు ఇంక శాన దినాలున్నయి."

బాపు నల్లా కట్టేసి సంచి ఆరేశాడు. అవ్వ కోసి పెట్టుకున్న వంకాయ ముక్కలు పులుసులో వేసి మూత పెట్టింది.