గంటకు చుట్టిన పాత చీర

1969. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులు. మొయినాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో నేను నర్సును. బంద్ అంటే బస్సులు ఉండవు, బస్సుల్లేకపోతే పట్నం నుంచి డాక్టరుగారు రారు. అప్పుడు దవాఖానకు దిక్కు నేనే. చేవెళ్ల దారిలోని పల్లెలకు నడిచే వెళ్లేదాన్ని. తిట్టుకుంటూ వెళ్లేదాన్ననుకోండి, అది వేరే సంగతి.

అలా ఒక పల్లెలో పరిచయమైంది మార్తమ్మ అవ్వ. ఆ ఊరి చర్చిలో ఆదివారం గంట కొట్టేది ఆమే. భర్త పోయాక ఆయన పట్టిన తాడు ఆమె పట్టింది. వాకిట్లో కాలు జారి, చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. పట్నంలో తీయించిన ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "ఆస్టియోపోరోసిస్" అన్నారు. అంటే వయసు మీద పడి ఎముక లోపల గుల్లబారడం. ఎముక మీద బరువు పడుతుంటేనే అది నిలుస్తుందని, ప్లాస్టర్ విప్పాక మెల్లగా కసరత్తు చేయించమని నాకు అప్పజెప్పారు.

ప్లాస్టర్ విప్పాం. అవ్వ మాత్రం మంచం దిగలేదు. దిగనివ్వలేదు అనాలి. కోడలు ఎస్తేరు నీళ్ల చెంబు కూడా చేతికందించేది. ఇక ఆ తాడు చర్చి సంఘపెద్దలు వేరేవాళ్లకు ఇచ్చేస్తారని ఊళ్లో మాట. అవ్వ బెంగంతా అదే.

"అవ్వను లేపి నడిపించు," అన్నాను.

"మంచిగ చెప్పినవ్ సిస్టరమ్మా! ముసల్దానితోని పని చేయిస్తున్నదని వాడకట్టంత నన్నే తిడ్తది," అంది ఎస్తేరు.

నేను తలుపు పట్టుకొని మడమలు లేపి దించి చూపించాను. అవ్వ పకపకా నవ్వింది.

"గిదేం ఆట బిడ్డా? నేనేమన్న పహిల్వాన్‌నా?"

నాకు ఒళ్లు మండింది. "మరి నీకేం గావాలె?" అని ఆమె భాషలోనే అడిగాను.

"నా తాడు గావాలె." ఈసారి నవ్వలేదు.

నిజానికి తాడు లాగడం కంటే మంచి కసరత్తు ఏముంది? నిటారుగా నిలబడాలి, కాళ్ల మీద బరువు పడాలి, రెండు చేతులూ పనిచేయాలి. చర్చి దాకా నడక ఎలాగూ ఉంది. చిక్కల్లా చప్పుడుతోనే. ఆ రోజుల్లో వేళకాని వేళ గంట మోగితే పోలీసులొచ్చారనుకొని ఊరంతా పరుగులు పెట్టేది. ఆదివారం తప్ప గంట మోగకూడదని పెద్దలు కట్టడి చేశారు.

ఉపాయం ఎస్తేరే చెప్పింది. "గంట నాలుకకు గుడ్డ సుడితే?"

చెప్పడమే కాదు, నిచ్చెన వేసుకొని ఎక్కి, గంట లోపల వేలాడే ఆ నాలుకకు తన పాత చీర చుట్టేసింది. "చర్చి పని గదా, గిప్పుడు నన్నెవరేమంటరు?" అంది దిగుతూ. అందరి నోళ్లూ మూయించే ఆ దారి నాకు తట్టనే లేదు.

ఇక రోజూ పొద్దున అత్తాకోడళ్లు చర్చికి బయలుదేరేవారు. మొదట్లో తాడు ఊరికే పట్టుకోవడమే. చెయ్యి కుదురుకున్నాక కొంచెం కొంచెంగా లాగడం. నడుం వంచొద్దని, కుదుపు వద్దని, వెళ్లినప్పుడల్లా పక్కన నిలబడి అరిచేదాన్ని.

"నీ గొంతుకు గూడ గుడ్డ సుట్టాలె సిస్టరమ్మా," అనేది అవ్వ. వద్దన్న మడమల ఆట కూడా తాడు పట్టుకొని తానే ఆడేది.

ఆదివారం పొద్దున ఎస్తేరు గుడ్డ విప్పేది, సంఘంలో ఎవరో ఒకరు గంట కొట్టేవారు, సాయంత్రం మళ్లీ చుట్టేది. వానలు మొదలయ్యాక పెద్దలు అవ్వకు ఒక ఆదివారం ఇచ్చి చూస్తామన్నారు. ఆ రోజు తెల్లచీర కట్టుకొని, అందరి ముందూ అవ్వ తాడు లాగింది. చప్పుడు లేదు. ఇంకోసారి లాగింది. లేదు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లు కష్టపడ్డా చేతిలో బలం చాలలేదేమో అనుకున్నాను.

"అయ్యో, నా చీర!"

అత్తను తయారుచేసే హడావుడిలో ఎస్తేరు గుడ్డ సంగతే మరిచింది. కొంగు బిగించి, పెద్దలంతా చూస్తుండగా నిచ్చెనెక్కి చీర లాగేసింది. అవ్వ మళ్లీ తాడు పట్టింది. గంట ఊరంతా మోగింది. ఎస్తేరు నిచ్చెన మీదే చెవులు మూసుకొని నవ్వింది, నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఆ తర్వాత ఏ ముసలివాళ్లు దవాఖానకొచ్చినా ఎముకల సంగతి తర్వాత, ముందు "నీకేం గావాలె?" అని అడగడం నాకు అలవాటైంది. కసరత్తు దానిలోంచే దొరికేది.

ఆ గంట మోగిన ఆదివారం మాత్రం, ప్రార్థన మొదలుపెట్టడానికి పాస్టరుగారు వచ్చి నిలబడ్డా అవ్వ తాడు వదల్లేదు. చాలు అవ్వా అంటూ దగ్గరికి వెళ్లాను.

"ఇన్ని దినాలు కొట్టినయి మోగలే గద బిడ్డా," అంది, తాడు లాగుతూనే. "గవన్ని ఇప్పుడు కొడ్తున్న."