నాన్నది ఏ షిఫ్ట్?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. రాజాంలో మాది విత్తనాల కొట్టు. సాయంత్రాలు కొట్టు ముందు చేరి ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే, మీ దెయ్యానికి కూడా ఓ టీ చెప్పనా అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను.

చీపురుపల్లి అవతల ఒక పాత మాంగనీసు గని ఉంది. తెల్లవాళ్ల కాలంలో తవ్వడం మొదలుపెట్టారట. గని మూతపడి, నీళ్లు తోడే మోటార్లు ఆగిపోయాక ఆ గొయ్యంతా చెరువైపోయింది. మధ్యలో తవ్వకుండా వదిలేసిన మిట్ట, దానిమీద ఆఫీసు గోడలు, సైరన్ స్తంభం మిగిలాయి. జనం దాన్ని దీవి అంటారు. ఆదివారాలు కాలేజీ పిల్లలు ఫొటోల కోసం వస్తారు. పడవ నడిపేది మా మేనమామ కొడుకు, సూరిబాబు బావ.

నాన్న ఆ గనిలోనే పనిచేశాడు. ఓ వర్షాకాలం గట్టు జారి ఆయన స్నేహితులు కొందరు అడుగునే ఉండిపోయారు. శవాలు కూడా దొరకలేదు. ఆ పూట నాన్నది వేరే షిఫ్ట్ కాబట్టి బతికాడు. తర్వాత్తర్వాత ఆ ఖనిజం పొడి నరాలకెక్కి ఒళ్లు కొయ్యబారింది, మాట పడిపోయింది. ఇక రాదని వైజాగ్ డాక్టర్లు చెప్పేశారు. ఒక్కసారి ‘ఒరే’ అని పిలిస్తే చాలనిపించేది నాకు.

పాత చోటు చూస్తే ఏమైనా కదలిక వస్తుందేమోనని ఓ ఆదివారం పొద్దున్న దీవికి తీసుకెళ్లాను. నేనూ బావా చెరో రెక్కా పట్టుకుని దింపి, ఆఫీసు అరుగుమీద కూర్చోబెట్టాం. మంచి ఎండ. పక్కనే పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. భయపడ్డానికి అక్కడేమీ లేదు.

నాన్న తనంతట తానే లేచాడు. నాకు సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన నేరుగా నీళ్లవైపు నడిచాడు. చెయ్యి పట్టుకున్నాను, ఆగలేదు. బావ పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకున్నాడు. చెంచా ఎత్తలేని మనిషి మా ఇద్దరినీ ఈడ్చుకుపోయాడు. మోకాళ్లదాకా దిగిపోయాం. ఇంకో అడుగు వేస్తే లోతెంతో బావకు తెలుసు, ఏడుపు మొదలుపెట్టాడు. నా బలం చాలడం లేదు.

అప్పుడు నాన్న ఆగాడు. తల వంచి, మేస్త్రీ చెప్పేది వింటున్నట్టు నీళ్లవైపు చెవి పెట్టాడు. మాకేమీ వినపడలేదు. తర్వాత నావైపు తిరిగి, నేను చిన్నప్పుడు విన్న గొంతుతోనే అన్నాడు.

“ఒరే, నా సెయ్యి ఒగ్గెయ్. ఈరోజు నా షిఫ్ట్ కాదంట. ఏ రోజో సెప్పినారు.”

“ఎవులు సెప్పినారు మావా?” అని అడిగాడు బావ.

నాన్న అక్కడికక్కడే మళ్లీ కొయ్యబారిపోయాడు. పడవలోకి మోసుకెళ్లాం.

ఒక్కోసారి మనిషికి అలా బలం వస్తుందని డాక్టరు అన్నాడు. సరే, ఆ మాట ఎలా వచ్చిందంటే ఆయనా చెప్పలేకపోయాడు. నాకైతే ఇప్పటికీ అంతుబట్టలేదు.

నాన్న మళ్లీ మాట్లాడలేదు. రోజూ తెల్లారేసరికి చెప్పులు మంచం పక్కన పెట్టమని కళ్లతో చూపిస్తాడు. పెడతాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటాను, కొట్టు తెరవడానికి కూడా మనసొప్పదు. ఏ రోజు నాన్నా అని అడుగుతాను. ఆయనకు తెలుసు. చెప్పడానికే మాట లేదు.