ఈశ్వరత్త ముక్కు

చీపురుపల్లి స్టేషను దారిలో కిరాణా కొట్లు దాటి లోపలికి తిరిగితే వచ్చే వీధిలో ఈశ్వరి ముక్కు సంగతి తెలియనివాళ్లు లేరు. చూడ్డానికి అదేం గొప్ప ముక్కు కాదు. కాస్త చప్పిడి, దానికో రాయి ఊడిన పుడక. పనితనంలో మాత్రం దానికి సాటి లేదు. పొద్దున్నే వాకిట్లో పళ్లు తోముకుంటూ ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో చెప్పేసేది. “కమలా! నీ పోపులో మెంతులు మాడిపోతన్నాయే, సూసుకో!” అని కేకేస్తే, ఎదురింట్లో కమలాదేవి పరుగున వెళ్లి మూకుడు దించేది. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరింట్లో మొగుడూ పెళ్లాం అలిగి పొయ్యి వెలిగించలేదో, ఎవరి కోడలికి నెల తప్పి పోపు వాసన పడటం లేదో, అన్నీ ఆ ముక్కుకే ముందు తెలిసేవి. తెలిశాక ఈశ్వరి ఊరుకునే మనిషా? కారణం కనుక్కునేదాకా ఆ గుమ్మం వదిలేది కాదు.

ఆ ముక్కు విలువంతా కార్తీకమాసంలో బయటపడేది. ఏటా ఒక ఆదివారం వీధంతా కలిసి, కమలాదేవి భర్త సూర్యారావు మామిడితోటలో వనభోజనాలు చేసుకుంటారు. ఉసిరి కింద దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వండినవాళ్లు ఒక్క మెతుకు కూడా నాలిక మీద వేసుకోకూడదు. మరి అంతమంది వంటలో ఉప్పూ పులుపూ సరిపోయాయో లేదో తేల్చేదెలా? ఈశ్వరి గుండిగ మీదికి వంగి, ఆవిరి ఒక్కసారి పీల్చి, “ఇంకో గుప్పెడు ఉప్పు” అనేది. అంతే. అత్తగారి చేతిలోంచి వనభోజనాల గరిటె తీసుకున్నది మొదలు, విస్తట్లో ఉప్పు కలుపుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఏడాది పొడుగునా ఆవిడ కొట్లో పప్పులు తూచే గంగరాజు పెళ్లాం. ఆ ఒక్కరోజు మాత్రం వీధి మొత్తానికి పెద్దది.

రెండేళ్ల కిందట ఆ మాయదారి జ్వరం అందరికీ వచ్చినట్టే ఈశ్వరికీ వచ్చింది. అందరికీ తగ్గినట్టే తగ్గింది. పోతూ పోతూ ముక్కుని మాత్రం పట్టుకుపోయింది. వారం పది రోజుల్లో వాసన తిరిగొస్తుందని టీవీలో చెప్పారు. రాలేదు. ఇంగువ డబ్బాలో ముక్కు దూర్చి చూసింది, వెన్న కాచి చూసింది, సంపెంగ పువ్వు నలిపి చూసింది. గోడకి ముక్కు ఆనించినట్టే ఉంది. ఆ ఏడు రోగం భయంతో ఎవరూ గడప దాటలేదు, నిరుడు తుఫాను కొట్టింది. రెండు వనభోజనాలు అలా దాటిపోయాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఈశ్వరీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు, కోడలు హైమకి చెప్పలేదు. ఇంట్లో వంట చెంచాల కొలతతో లాక్కొచ్చేది. వీధిలో వాసన పట్టలేక, ఇంటింటికీ వెళ్లి “ఏటి వండుతన్నావే?” అని నోరు తెరిచి అడిగేది. ఎప్పుడూ ఆరాలు తీసే మనిషే కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక్క ఆవ దగ్గరే ప్రాణం లేచొచ్చేది. ఆవాలు నూరి అరటికాయ కూరలో కలిపిన రోజున, మొదటి ముద్దకే ముక్కులోంచి నడినెత్తికి సర్రున ఎక్కి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది వాసన కాదు, ఘాటు. అయితేనేం, ముక్కుకి ఏదో ఒకటి తగిలింది కదా! ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి దానికీ ఆవే. “బీరకాయకి కూడా ఆవేటే?” అని గంగరాజు గొణుక్కుంటూ, తుండుతో కళ్లొత్తుకుంటూ తినేవాడు.

ఈ ఏడు కార్తీకం వచ్చింది. వనభోజనాల మాట తేల్చడానికి అందరూ కమలాదేవి అరుగు మీద చేరారు. ఆవిడ కొడుకు ప్రమోద్ బ్యాంకులో పనిచేస్తాడు. వాడే ముందు అందుకున్నాడు.

“ఈపాలి క్యాటరింగుకి ఇచ్చీద్దాం అత్తా. బేగి అయిపోద్ది. పొగలో మీకీ అవస్థ ఎందుకు?”

“క్యాటరింగోడు దేవుడికి సూపించకముందే రుసి సూస్తాడు. ఆ ఎంగిలి ఉసిరి సెట్టుకింద పెడతావేట్రా?”

“మా ఆఫీసోళ్లు కూడా వస్తన్నారు. ఏదైనా తేడా వస్తే నా పరువేటవుద్ది?”

“తేడా వస్తే వచ్చే ఏడు నుంచి నీ క్యాటరింగోడే వండుతాడు. నాను గరిటి ముట్టుకోను. సాలా?”

అనడమైతే అనేసింది. ఇంటికొచ్చి పెరట్లో కూలబడింది. గరిటె పోతే మిగిలేదేమిటి? రేపు వంట పాడైతే ప్రమోద్ లాంటి పిల్లలు నవ్వుతారు. ముక్కు లేదని తెలిస్తే జాలిపడతారు. రెండో దాన్నే ఈశ్వరి అసలు ఊహించుకోలేకపోయింది.

మర్నాడు కమలాదేవితో కూర్చుని ఏమేం వండాలో అనుకున్నారు. పులిహోర, బూరెలు, పరమాన్నం, చిక్కుడుకాయ నువ్వుపిండి కూర, గుమ్మడికాయ దప్పళం. వాటిదాకా గొడవ లేదు.

“అరటికాయకి ఆవ పెడదాం” అంది ఈశ్వరి.

“పెట్టు.”

“పులిహోరలోనూ.”

“సరే, పెట్టు.”

“పెరుగు పచ్చడిలోనూ, ఆ చిక్కుడుకాయలో కూడా కొంచెం...”

“ఓలమ్మో! వదినా, వచ్చినోళ్లకి బోజనం పెడతావా, ముక్కులు ఊడగొట్టి పంపుతావా?” అంది కమలాదేవి. బేరాలాడి, అరటికాయకీ పులిహోరకీ ఒప్పుకుంది.

ఆదివారం తెల్లవారేసరికి ట్రాక్టరు మీద గుండిగలూ, సరుగుడు కర్రలూ, అడ్డాకుల విస్తళ్లూ తోటకి చేరాయి. ఆ తోటలో ఉన్నవన్నీ మామిడిచెట్లే. అందుకని ఏటా చేసినట్టే సూర్యారావు ఎక్కడినుంచో కాయలతో సహా ఉసిరికొమ్మ విరిచి తెచ్చి నేలలో పాతాడు. మగవాళ్లు పొడుగ్గా గాడిపొయ్యి తవ్వారు. ఆడవాళ్లు కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. ఒకరు గుమ్మడికాయ కోస్తూ కబుర్లు మొదలెడితే, ఇంకొకరు అరటికాయలు చెక్కుతూ అందుకున్నారు. మంచు విడవకముందే తోటంతా నవ్వులు.

ఈశ్వరి రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. గరిటె నడుముకి ఆనించుకుని, పంతులమ్మలా ఒక్కొక్కరినీ పిలిచింది.

“హైమా, ఇలా రా. ఈ చింతపండు పులుసు వాసన సూడు. పచ్చివాసన పోయినాదా, ఉన్నాదా? సెప్పు.”

“పోలేదత్తయ్యా. ఇంకా పచ్చిగానే ఉంది.”

“ఊఁ. సరిగ్గా సెప్పినావు” అంటూ తనకి ముందే తెలిసినట్టు తలూపింది.

అందరూ అది పరీక్ష అనుకున్నారు. ఇన్నాళ్లకి పెద్దావిడ కోడళ్లకి వంట నేర్పుతోందని మురిసిపోయి, పిలవకుండానే వరస కట్టారు. బూరెల పాకం ఒకరు, పులిహోర పోపు ఒకరు వాసన చూసి చెబుతుంటే, ఈశ్వరి ఆ మాటల్ని బట్టి ఉప్పు వెయ్యమంది, మంట తగ్గించమంది. ప్రమోద్ కూడా వచ్చి దప్పళం మీద వంగి, “సాంబారు వాసనొస్తన్నాది” అన్నాడు. కత్తిపీటల దగ్గర నవ్వులే నవ్వులు.

“ఈడా నా వంటకి వంక పెట్టేది!” అంది ఈశ్వరి.

ఆ ఊపులోనే పొరపాటు జరిగింది. దప్పళంలో బెల్లం వేసి హైమ అన్నం వార్చడానికి వెళ్లింది. బెల్లం పడ్డాక అడుగు నుంచి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. సరిగ్గా అప్పుడే ప్రమోద్ ఆఫీసు నుంచి వచ్చినావిడ ఒకరు పొయ్యి దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది. కొత్త మనిషి దొరికితే ఈశ్వరి వదులుతుందా? ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, అత్తగారితో కలిసి ఉంటున్నారా వేరా, వేరైతే ఎందుకు వేరు, అడుగుతూ అడుగుతూ చెయ్యి పైపైనే తిప్పింది.

గాలి వీచిన వైపు విస్తళ్లు పరుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. కమలాదేవి ముక్కు చిట్లించింది. “అడుగంటుతన్నాది!” అని ఎవరో అరిచారు. అందరూ పొయ్యి వైపు చూశారు. గుండిగ పక్కనే నిలబడి, మొహం ఆవిరిలో పెట్టుకుని, ఈశ్వరి నిమ్మళంగా “అయితే మీ ఆడపడుచుది ఏ ఊరన్నావు?” అని అడుగుతోంది.

కమలాదేవి పరుగున వచ్చి మండుతున్న కర్రలు బయటికి లాగేసింది. “వదినా! ఇంత మాడువాసన కొడతంటే నీకు తెలీలేదేటి?”

ఈశ్వరి ఉలిక్కిపడి గుండిగలోకి చూసింది. హైమ గంజి వార్చే సిబ్బి పట్టుకుని అలాగే పరుగెత్తుకొచ్చింది. అత్తగారి మొహం చూసి, “నాదే తప్పు పిన్నిగారూ. తిప్పుతూ ఉండమని నాకే చెప్పారు, నేనే వెళ్లిపోయాను” అంది.

తప్పించుకోవడానికి దారి దొరికింది. ఊఁ అంటే చాలు, పరువూ గరిటే రెండూ దక్కుతాయి. కానీ ఆ పిల్ల మొహం చూసేసరికి ఈశ్వరి అడ్డంగా తలూపింది.

“దాన్ని అనకండి. దాని తప్పు లేదు. నాకు వాసన తెలీదు. ఆ జ్వరమొచ్చిన కాణ్ణుంచీ నాకు ముక్కు పని సెయ్యట్లేదు.”

ఈశ్వరి గరిటె మూత మీద పెట్టేసింది.

అప్పుడు కమలాదేవి నెత్తి కొట్టుకుంది. “రెండేళ్లా! అంటే రెండేళ్లుగా నీకు వాసన తెలీదా? నీకు తెలిసిపోద్దని, కార్తీకంలో ఉల్లిపాయ పకోడీ వేసుకున్నప్పుడల్లా నాను కిటికీలు మూసి, తలుపుకింద తడిగుడ్డ కుక్కుతన్నాను కదే! ఆ ఉక్కకి సచ్చిపోయినాను!”

ఎవరో కిసుక్కుమన్నారు. సూర్యారావు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. “నానూ అంతేనమ్మా. నీ ముక్కుకి బయపడే సుట్ట కాల్చుకోడానికి రోజూ రైలుకట్ట దాకా నడుస్తన్నాను.”

“ఏటీ! సుట్ట మానీసినానని నా మీద ఒట్టేసినావు కదా!” కమలాదేవి అటు తిరిగింది.

“అమ్మా, నాన్ననేటీ అనకు. మేడ మీద నాను ఆమ్లెట్టేసుకుంటన్నాను” అని నోరు జారాడు ప్రమోద్.

“మన మేడ మీదా? కార్తీకంలోనా?”

ఇక తోటంతా పగలబడి నవ్వింది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వీధిలో సగం మంది లేని ముక్కుకి భయపడి దాక్కుని తిన్నవాళ్లే. ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. ఏడుద్దామనుకున్నదే గానీ, ఇన్ని సంగతులు ఒక్కసారిగా తెలుస్తుంటే ఏడుపు ఎక్కడ నిలుస్తుంది?

“ఏ పెనం మీదేసినావురా? మీయమ్మ అట్ల పెనం మీదేనా?” అని అడిగింది. అంతలో ఎవరో తెడ్డు తీసుకుని దప్పళం కలపబోతుంటే, ఒక్క గావుకేక పెట్టింది. “దాన్ని ముట్టుకోకండి! గెలికితే మాడు పైకొచ్చీసి మొత్తం పాడైపోద్ది. బేగి ఇంకో గుండిగ తెండి. పైది పైనే తోడండి, అడుగు జోలికెల్లకండి!”

మూత మీది గరిటె ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆవిడే చూసుకోలేదు. తోడిన దప్పళాన్ని కొత్త గుండిగలో సన్నని మంట మీద పెట్టించింది. కమలాదేవిని వాసన చూడమంది.

“బాగానే ఉన్నాది” అంది కమలాదేవి.

“బాగానే అంటే నాకేటి తెలుస్తాది? ముందు పులుపు తగుల్తన్నాదా, బెల్లం తగుల్తన్నాదా?”

“రెండూ కలిసి వస్తన్నాయి వదినా.”

“హైమా, నువ్వు సూడు.”

హైమ కళ్లు మూసుకుని పీల్చింది. “ముందు పులుపే అత్తయ్యా. బెల్లం చివర్న ఎక్కడో ఉంది. ఏదో పొగ కూడా కొంచెం...”

“పులుపు ముందు రావాలి. దవడల కింద నీరూరాలి. దాని ఎనకాలే బెల్లం రావాలి, అంత దూరంగా కాదు. ఇంకో సిన్న ముక్క వెయ్. ఆ పొగకి ఇంగువ, కర్వేపాకు దండిగా ఏసి పోపెట్టండి.”

ఇన్నేళ్లూ ముక్కుతో చేసిన పనిని ఈశ్వరి మాటల్లో చెప్పడం అదే మొదలు. చెబుతూ ఉంటే ఒక్కొక్కరూ దగ్గరికి జరిగారు.

ఉసిరికొమ్మ కింద దీపం పెట్టి, నైవేద్యం చూపించి, హారతి ఇచ్చాక పంక్తులు సాగాయి. ప్రమోద్ ఆఫీసువాళ్లు దప్పళం మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ఆ కొంచెం పొగవాసనే బాగుందని, అదెలా పెట్టారని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. కమలాదేవి నవ్వాపుకోలేక చెట్టు చాటుకి పోయింది.

వండినవాళ్లు ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. ఈశ్వరిని మధ్యలో కూర్చోబెట్టారు. హైమ పరమాన్నం వడ్డిస్తూ వంగి, “నెయ్యి కమ్మగా వస్తోందత్తయ్యా, యాలకులు సన్నగా” అని చెప్పింది. కమలాదేవి అరటికాయ కూర వేస్తూ, “దీని సంగతి నాను సెప్పక్కర్లేదు, నీకే తెలుస్తాది” అంది. ప్రమోద్ పులిహోర బకెట్టు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

“నువ్వు సెప్పరా, దీని వాసనేటి?”

వాడు బకెట్లోకి చూసి, ముక్కు ఎగబీల్చి, చాలాసేపు ఆలోచించాడు. “ఇంగువ... కొంచెం ఎక్కువైనట్టున్నాది అత్తా.”

ఈశ్వరి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవ ఘాటుకి కళ్లు చెమర్చాయి.

“అయితే వచ్చే ఏడు తగ్గిద్దాం” అంది, ఇంకో గరిటెడు వెయ్యమని విస్తరి ముందుకి జరుపుతూ.